పరిమళం మాటున ముప్పు

ఒక టీస్పూను నీలగిరి తైలం ఏడాదిన్నర బిడ్డ కడుపులోకి పోతే అరగంట లోపే బిడ్డ మత్తులోకి జారుకోవచ్చు. ముందు నోరు మండి ఏడుస్తాడు, వాంతి చేసుకుంటాడు, తూలుతాడు. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు, ఊపిరి మందగించవచ్చు, స్పృహ పోవచ్చు. పిల్లల వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. కామారెడ్డిలో గానీ, ఎల్లారెడ్డిలో గానీ, లింగంపేట, గాంధారి మండలాల తండాల్లో గానీ ఈ తైలం సీసా ఇంట్లో ఎక్కడుంటుందో చూడండి. దగ్గు మందు పక్కన ఉంటుంది. కిటికీ గూట్లో ఉంటుంది. రాత్రి జలుబుకు రాసుకున్నాక దిండు కిందే ఉండిపోతుంది. పురుగుమందు డబ్బాను ఇంట్లోకి తేకూడదని తెలిసిన రైతు కుటుంబాలే ఈ సీసాను పిల్లల చేతికందే ఎత్తులో పెడుతున్నాయి.

ఆకుదీ పువ్వుదీ కదా, ఏమీ కాదులే అన్న నమ్మకమే దీనికి మూలం. ఈ నమ్మకం పాతదే అయినా ఇప్పుడు దానికి బలం వేయి రెట్లు పెరిగింది. ఒకప్పుడు మన ఇళ్లలో ఉన్నవి కర్పూరం, నీలగిరి తైలం, లవంగ నూనె, పెళ్లిళ్లలో చల్లే పన్నీరు, పండుగకు పూసుకునే అత్తరు మాత్రమే. ఇప్పుడు మొటిమలకు టీ ట్రీ, నిద్రకు లావెండర్, జుట్టుకు రోజ్‌మేరీ, ముఖానికి రోజ్ వాటర్, కంటికి కూడా రోజ్ వాటరే. ఫోన్‌లో నిమిషం వీడియో చూసి తెప్పించుకుంటున్నారు. పార్లర్లలో ముఖానికి రాస్తున్నారు. పేరు, చిరునామా లేని సీసాల్లో సంతల్లోనూ అమ్ముతున్నారు. వాడకం ఎంత వేగంగా పాకిందో, జాగ్రత్త అంత వెనకబడింది.

ఆ చిన్న సీసాలో ఏముందో ముందు తెలుసుకోవాలి. ఒక కిలో అసలైన గులాబీ తైలం తీయడానికి మూడు వేల నుంచి నాలుగు వేల కిలోల పూరేకులు కావాలి. అంటే బండ్ల కొద్దీ పూలలో చెదిరి ఉన్న రసాయనాలను ఆవిరి పట్టి ఒక్క చోటికి కుదించినదే ఆ తైలం. పువ్వు వాసన చూడటానికీ, ఆ తైలం చుక్కను చర్మం మీద వేసుకోవడానికీ పోలిక లేదు. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. ముఖానికి వాడే నూనెలో తైలం వంతు నూటికి ఒకటి దాటకూడదని ఈ రంగం తెలిసినవారు చెబుతారు. అంటే వంద మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు ఇరవై చుక్కలు, అంతే. మన దగ్గర సీసా నుంచి నేరుగా వేలి మీద వంచుకుని మొటిమ మీద అద్దుతున్నారు.

కర్పూరం సంగతి మరీ కలవరపెడుతుంది. పసిబిడ్డకు జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం కాచి రొమ్ముకు రాయడం, గుడ్డలో మూటగట్టి మెడలో వేయడం, ముక్కు దగ్గర పట్టడం మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నవే. చేసేవారి ప్రేమను శంకించలేం. కానీ పూజ కర్పూరం నేడు ఎక్కువగా టర్పెంటైన్ నుంచి కర్మాగారంలో తయారయ్యే వస్తువు. వంటలో చిటికెడు వేసే పచ్చకర్పూరంగా అది పనికిరాదు. ఒక గ్రాము కర్పూరం కడుపులోకి పోయి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు వైద్య చరిత్రలో నమోదై ఉన్నాయి. అందుకే అమెరికా 1980లలోనే కర్పూర తైలాన్ని మార్కెట్ నుంచి తొలగించింది, పైపూత మందుల్లో కర్పూరం నూటికి 11 వంతులు దాటకూడదని హద్దు పెట్టింది. కర్పూరం, మెంథాల్ ఘాటు నేరుగా ముక్కుకు తగిలితే పసిబిడ్డ ఊపిరి బిగబట్టే ప్రమాదం ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు ఇవి వద్దని చాలా బామ్‌ల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి, బిడ్డకు రాసేది నానమ్మ.

కామారెడ్డి జిల్లాకు గల్ఫ్‌తో ఉన్న బంధం అందరికీ తెలిసిందే. దుబాయి నుంచో సౌదీ నుంచో వచ్చిన పెట్టెలో అత్తరు సీసాతో పాటు నొప్పుల నూనె సీసాలూ ఉంటాయి. కూర్చున్న చోటు నుంచి లేవకుండా రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడనొప్పికి, నడుమునొప్పికి అవే దిక్కు. వాటిలో చాలా వాటిలో ఉండే మిథైల్ శాలిసిలేట్ అనే పదార్థం చల్లగా, తియ్యగా వాసన వస్తుంది. దాన్ని చిక్కగా ఉన్నది ఒక టీస్పూను తాగితే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా ఒకేసారి మింగినట్టు. చిన్న బిడ్డ ప్రాణం తీయడానికి అది చాలు. అరబ్బీలో, ఇంగ్లీషులో లేబుల్ ఉన్న ఆ సీసా మీద ఏం రాసుందో చదవగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు.

పెద్దవాళ్లకు ఏమీ కాదనుకోవడమూ పొరపాటే. దక్షిణ భారతంలోని నాలుగు ఆస్పత్రుల వైద్యులు ఫిట్స్‌తో వచ్చిన పెద్దలను నాలుగేళ్ల పాటు పరిశీలించి, ఆ ఫలితాలను 2021లో ప్రచురించారు. ఫిట్స్‌కు ముందు నీలగిరి తైలం, కర్పూరం ఉన్న బామో, నూనో, టూత్‌పేస్టో వాడినవారు 55 మంది తేలారు. వారిలో 22 మందికి అంతకు ముందు ఫిట్స్ జబ్బే లేదు. మిగతా 33 మందికి ఉన్న జబ్బు తిరగబెట్టింది. వీరిలో ఒంటికి రాసుకున్నవారూ ఉన్నారు. ఫిట్స్ వచ్చినవారిని ఇంటిల్లిపాదీ ఏమేం వాడుతున్నారని అడిగే డాక్టరు అరుదు. ఏం తిన్నావని అడుగుతారు, ఏం రాసుకున్నావని అడగరు. మూర్ఛ రోగులకు మందులిచ్చే ప్రతి దవాఖానలో ఈ ప్రశ్న అడగాలని మా విన్నపం.

చర్మం విషయానికి వద్దాం. వాడేవారిలో ఎక్కువ మంది కోరుకునేది అందమే కాబట్టి దెబ్బ తగిలేది కూడా ముందు అక్కడే. లావెండర్‌లో లినలూల్, నిమ్మ, కమలా నూనెల్లో లిమోనీన్ ఉంటాయి. మూత తీసి వాడుతున్న కొద్దీ ఇవి గాలికి, వేడికి మారిపోయి చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థాలవుతాయి. టీ ట్రీ నూనెదీ అదే దారి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన రేకుల ఇళ్లలో, అద్దం ముందు ఏడాదిగా నిలబడి ఉన్న సగం సీసా కొన్ననాటి సీసా కాదు. అలర్జీ ఒకసారి వచ్చిందంటే జన్మంతా ఉంటుంది. ఆ తర్వాత సబ్బులో, పౌడర్‌లో, అగరుబత్తి పొగలో అదే పరిమళం ఎదురైనా చర్మం మండుతుంది, దురద పెడుతుంది. ఐరోపా దేశాలు 26 పరిమళ పదార్థాల పేర్లను లేబుల్ మీద విడిగా రాయాలని 2005 నుంచే నిబంధన అమలు చేస్తున్నాయి. 2023లో ఆ జాబితాను 80 దాటించాయి.

నిమ్మ జాతి తైలాలతో ఇంకో చిక్కుంది. తొక్క పిండి తీసిన నూనెలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ సోకితే చర్మాన్ని కాలుస్తాయి. తెల్లగా అవుతామని ఉదయం నిమ్మ నూనె పూసుకుని నాట్లకో, కలుపుకో పోయిన అమ్మాయికి ఒకటి రెండు రోజుల్లో ముఖం ఎర్రగా కందిపోతుంది. బొబ్బలు మానినా నల్లమచ్చ నెలల తరబడి మిగులుతుంది. ఆ మచ్చ పోవడానికి ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీమ్ కొంటుంది. అక్కడ మరో ప్రమాదం మొదలవుతుంది.

తైలానికి భయపడేవారు కూడా పూల నీటిని శంకించరు. అది నీళ్లే కదా! నీళ్లు కావడమే దాని బలహీనత. తైలం తీసేటప్పుడు ఆవిరి చల్లబడి కిందకు చేరిన నీరే పూల నీరు. అందులో తైలం అతి స్వల్పం, మిగిలినదంతా నీరు. నిల్వ మందు కలపకపోయినా, శుభ్రత లోపించినా అందులో సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. 2021లో అమెరికాలో జరిగింది ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. కాన్సస్, టెక్సాస్, మిన్నెసోటా, జార్జియా రాష్ట్రాల్లో ఒకరికొకరు సంబంధం లేని నలుగురికి మెలియాయిడోసిస్ అనే జబ్బు వచ్చింది. వారెవరూ విదేశాలకు పోయి రాలేదు. ఇద్దరు చనిపోయారు, వారిలో ఒక చిన్నారి ఉంది. నెలల తరబడి వెతికితే జార్జియా బాధితుల ఇంట్లో ఒక గది పరిమళం సీసా దొరికింది. లావెండర్, చామొమైల్ వాసనలతో వాల్‌మార్ట్ అమ్మిన ఆ స్ప్రే తయారైంది భారతదేశంలోనే. ఆ ద్రవంలో జబ్బు కారక బ్యాక్టీరియా బతికే ఉంది. అక్టోబరులో సుమారు 3,900 సీసాలను వెనక్కి పిలిచారు.

అది అమెరికా సంగతి అని పక్కన పెట్టేయలేం. ఆ బ్యాక్టీరియా పుట్టిల్లు మన లాంటి ఉష్ణ దేశాల మట్టి, నిలువ నీరు, వరి మడి. 2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు కలకలం రేపినప్పుడు తెలుగు పత్రికల్లో వినిపించిన పేరు మెలియాయిడోసిసే. మధుమేహం ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువ ప్రమాదకరం. నిజాంసాగర్ నీళ్లతో వరి పండించే ఈ ప్రాంతంలో బోరు నీటితో, బావి నీటితో ఇంట్లోనే పూల నీరు కాచి సీసాల్లో నింపి అమ్మాలనుకునే మహిళా సంఘాలు ఉంటే, వారిని నిరుత్సాహపరచడం మా ఉద్దేశం కాదు. నీటి శుద్ధి, సీసాల శుద్ధి, ప్రయోగశాల పరీక్ష లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాం. ఇంకో మాట. దండల కోసం పండించే గులాబీలకు పురుగుమందులు కొడతారు. అవి ఒంటికి, కంటికి పూసుకోవడానికి పండించిన పూలు కావు. మార్కెట్ నుంచి తెచ్చి ఉడకబెట్టినంత మాత్రాన అవి పవిత్రమైపోవు.

కంటి మాట మరింత తీవ్రంగా చెప్పాలి. వరి కోతల్లో, నూర్పిళ్లలో వడ్ల గింజో పొట్టో ఎగిరి కంట్లో పడి నల్లగుడ్డు గీసుకుపోవడం మన పల్లెల్లో ఏటా జరిగేదే. చూపు పోవడానికి ఇదో పెద్ద కారణమని కంటి వైద్యులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. మంట చల్లారుతుందని అలాంటి కంట్లో రోజ్ వాటర్ చుక్కలు వేస్తున్నారు. కంటి చుక్కల మందు సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేని స్థితిలో తయారవుతుంది. ముఖానికి అమ్మే రోజ్ వాటర్ అలా తయారు కాదు. అందులో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఉంటే గీత పడిన నల్లగుడ్డును రెండు మూడు రోజుల్లోనే కరిగించేస్తుంది. ఆ తర్వాత మిగిలేది తెల్లపువ్వు, దానితో జీవితాంతం చూపులేమి. శుభ్రమైన నీటితో కడిగి అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు పోవడం తప్ప దీనికి ఇంటి వైద్యం లేదు.

కల్తీ గురించి రెండు మాటలు. తెలంగాణ అడవుల్లో నిజాం కాలంలోనే రోషా గడ్డి నుంచి నూనె తీసేవారు. గులాబీని పోలిన వాసన గల ఆ నూనె బొంబాయి రేవు నుంచి టర్కీకి, అక్కడి నుంచి బల్గేరియాకు పోయి ఖరీదైన గులాబీ తైలంలో కలిసిపోయేది. వంద రూపాయలకు గులాబీ తైలం దొరుకుతోందంటే అందులో ఉన్నది గులాబీ కాదని చెప్పడానికి ఆ చరిత్రంతా అక్కర్లేదు, నాలుగు వేల కిలోల పూరేకుల లెక్క చాలు. ఈరోజు కల్తీ మరింత చౌక. కృత్రిమ వాసన, దాన్ని పలుచన చేసే ద్రావకం, రంగు. వాటిలో ఏది ఎంత ఉందో కొన్నవారికి తెలిసే దారి లేదు. రోషా గడ్డి, నిమ్మగడ్డి సాగు చేసి నిజాయితీగా తైలం తీసే రైతుకు కూడా ఈ కల్తీ బజారే శత్రువు. హైదరాబాద్ బోడుప్పల్‌లోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఈ పంటల మీద రైతులకు మార్గదర్శనం చేస్తోంది. అమ్మకం దగ్గర నాణ్యత పరీక్ష లేకపోతే ఆ శ్రమకు విలువ దక్కదు.

ఈ తైలాలన్నీ పనికిరానివని మేం అనడం లేదు. లావెండర్ వాసనతో మనసు కుదుటపడేవారున్నారు. నూటికి ఐదు వంతులు టీ ట్రీ నూనె కలిపిన జెల్ మొటిమలను తగ్గిస్తుందని ఆస్ట్రేలియా వైద్యులు 124 మంది రోగుల మీద పరీక్షించి 1990లోనే చూపించారు. ఆ పరీక్షలో కొలత ఉంది, గడువు ఉంది, గమనించే డాక్టరు ఉన్నాడు. మన దగ్గర ఆ మూడూ లేవు. పైగా మధుమేహం, బీపీ, ఫిట్స్, తెల్లమచ్చలు తగ్గుతాయని చెప్పి నూనెలు అమ్ముతున్నారు. ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అలాంటి మాట నమ్మి షుగరు మాత్రలు మానేసినవారికి జరిగే నష్టం చర్మం మీద మచ్చతో పోదు.

చట్టాలు లేకపోలేదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఉంది. 2020 డిసెంబరు నుంచి కొత్త కాస్మెటిక్స్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. ముఖానికి, ఒంటికి పూసుకునేదేదైనా లైసెన్సుతోనే తయారు కావాలి. సీసా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, కలిపిన పదార్థాల పేర్లు ఉండాలి. ఇవి లేని సీసాను దుకాణదారు అమ్మకూడదు, పార్లరు వాడకూడదు, మనం కొనకూడదు. అయితే గదిలో చల్లుకునే పరిమళం, డిఫ్యూజర్‌లో పోసే నూనె అని పేరు పెడితే చాలు, అది మందూ కాదు, సౌందర్య సాధనమూ కాదు, ఎవరి తనిఖీకీ చిక్కదు. అదే సీసాను మరునాడు ముఖానికి రాసుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో నీలగిరి తైలం సీసాకు పిల్లలు విప్పలేని మూత చట్టప్రకారం తప్పనిసరి. మన మార్కెట్లో ఆ మూత కనిపించడమే అరుదు. ఒక్క మూత నిబంధన తెచ్చినా ఎందరో పిల్లలు దవాఖాన మెట్లెక్కాల్సిన అవసరం రాదు. కేంద్ర ప్రభుత్వం దీన్ని వెంటనే ఆలోచించాలి.

జిల్లా స్థాయిలో చేయగలిగింది చాలా ఉంది, దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఔషధ నియంత్రణ అధికారులు మందుల దుకాణాలతో ఆగకుండా ఫ్యాన్సీ దుకాణాల్లో, పార్లర్లలో, సంతల్లో నమూనాలు తీసి పరీక్షకు పంపాలి. ఫలితాలను తెలుగులో ప్రకటించాలి. బాలింతల ఇంటికి పోయే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు టీకాల తేదీ చెప్పే నోటితోనే కర్పూరం మూట గురించి, నీలగిరి సీసా గురించి అడగాలి. నానమ్మను తప్పుపట్టినట్టు అడిగితే సీసా దాచేస్తుంది, ప్రేమగా అడిగితే ఎత్తైన అల్మారాలో పెడుతుంది. కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఉన్న ఆస్పత్రి ఇలాంటి కేసుల లెక్క రాసిపెడితే, ముప్పు ఎంత పెద్దదో రేపు ఊహించాల్సిన పని ఉండదు. అనుమానాస్పద సీసా కనిపిస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 599 6969కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

బిడ్డ తైలం గానీ కర్పూరం గానీ మింగాడని తెలిస్తే గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పాలు, నూనె పట్టించకండి. వాంతితో పైకి వచ్చిన తైలం ఊపిరితిత్తుల్లోకి జారితే మొదటి ప్రమాదాన్ని మించిన న్యుమోనియా అవుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎల్లారెడ్డి అవతలి తండాల నుంచి కామారెడ్డి చేరడానికి పట్టే సమయం తక్కువ కాదు కాబట్టి, ఫిట్స్ వచ్చేదాకా ఎదురుచూడకుండా దగ్గర్లోని సర్కారు దవాఖానకు ముందు చేర్చండి. ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ సలహా ఇస్తుంది, డాక్టర్లు కూడా ఆ నంబరును వాడుకోవచ్చు. సీసాను వెంట తీసుకుపోండి. ఎంత ఉండేది, ఎంత మిగిలింది, ఏ వేళకు తాగాడు అన్నది చెప్పండి. బిడ్డ ఆడుకుంటూ మామూలుగా కనిపించినా కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు డాక్టరు కళ్ల ముందే ఉంచండి. లక్షణాలు ఆలస్యంగా బయటపడిన పిల్లలూ ఉన్నారు.